మాధవపెద్ది గోఖలే

మాధవపెద్ది గోఖలే (1917 - 1981) తెలుగు చిత్రకారుడు, కథా రచయిత, సినిమా కళా దర్శకుడు. విజయా ప్రొడక్షన్స్ వారి పాతాళ భైరవి, మిస్సమ్మ, మాయాబజార్, జగదేకవీరుని కథ, గుండమ్మ కథ వంటి చిత్రాలకు కళాధర్‌తో కలిసి కళా దర్శకత్వం వహించాడు. "మా. గోఖలే" అన్న పేరుతో కథలు వ్రాశాడు. తెలుగు సినిమా పాటకు కంటికి కనిపించే రూపాన్ని కట్టి ఇచ్చిన తొలితరం కళాకారులలో ఈయన ముఖ్యుడు. మ్యూజిక్ వీడియో, ఇన్‌స్టలేషన్ అనే మాటలు మనకు పరిచయం కాకముందే, ఆ రెండింటికీ దగ్గరగా ఉండే పనిని ఈయన, ఈయన సహచరులు మద్రాసు స్టూడియోలలో చేశారు.

జన్మస్థలం, ప్రాంతం

గోఖలే స్వగ్రామం గుంటూరు జిల్లా పొన్నూరు మండలంలోని బ్రాహ్మణకోడూరు. పొన్నూరు, చేబ్రోలు, పెదకాకాని మండలాలు కలిసి పొన్నూరు శాసనసభ నియోజకవర్గంగా ఏర్పడ్డాయి. గుంటూరు నుండి విజయవాడ వెళ్ళే రహదారిపై ఉన్న పెదకాకాని, భ్రమరాంబా మల్లేశ్వరస్వామి ఆలయానికి ప్రసిద్ధి. ఈ నియోజకవర్గానికి ఒక వైపు పత్తి, మిరప పండే మెరక పొలాలు, మరొక వైపు కృష్ణా కాలువల క్రింద వరి పండే మాగాణి ఉన్నాయి.

ఈ చుట్టుప్రక్కల నుండి తెలుగు సినిమాకు వెళ్ళినవారు చాలామంది ఉన్నారు. విజయా ప్రొడక్షన్స్ స్థాపకులలో ఒకరైన చక్రపాణిది తెనాలి. మహానటి సావిత్రి తాడేపల్లి వద్ద ఉన్న చిర్రావూరులో జన్మించింది. నేపథ్య గాయకుడు మాధవపెద్ది సత్యం (1922 - 2000) కూడా బ్రాహ్మణకోడూరులోనే జన్మించాడు. ఈ విధంగా మాయాబజార్ చిత్రంలోని "వివాహ భోజనంబు" పాటకు గొంతు ఇచ్చిన గాయకుడు, ఆ పాట జరిగే చోటును రూపొందించిన చిత్రకారుడు ఒకే ఊరివారు కావడం విశేషం.

రచయితగా

గోఖలే కుంచెతో పాటు కలాన్ని కూడా వాడిన కళాకారుడు. ఈయన కథలలో "బల్లకట్టు పాపయ్య" బాగా పేరు పొందింది. ఏరు దాటడానికి చదునైన పలకలతో చేసే తెప్పను బల్లకట్టు అంటారు. వంతెనలు లేని రోజులలో మనుషులు, బండ్లు, పశువులు దాని మీదనే అవతలి ఒడ్డుకు చేరేవి. ఈ ప్రాంతపు పాఠకులకు ఆ మాట చాలు, రేవు కళ్ళ ముందు నిలుస్తుంది. చలనచిత్రాలలో రాజసౌధాలనూ, మాయానగరాలనూ రూపొందించిన ఈ చిత్రకారుడు కథలకు వచ్చేసరికి బల్లకట్టు వంటి సామాన్యమైన వస్తువును ఎన్నుకోవడం గమనించదగినది.

కళా దర్శకుని పని

సినిమాలో కళా దర్శకుడు చేసే పనిని చాలామంది "సెట్టు వేయడం"గానే భావిస్తారు. వాస్తవానికి ఈ పని కథ చదివిన నాటి నుండే మొదలవుతుంది. ముఖ్యమైన దశలు ఇవి:

1. కథలోని ప్రతి స్థలానికి రేఖాచిత్రం గీయడం. గోడ ఎంత ఎత్తు ఉండాలి, ద్వారం ఎటు తెరుచుకోవాలి, పాత్ర ఏ మెట్టు మీద నిలబడి మాట్లాడుతుంది అనేవి ఇందులో తేలుతాయి.

2. ఛాయాగ్రాహకునితో సంప్రదించడం. దీపాలు పెట్టడానికి, కెమెరా కదలడానికి చోటు ఉండాలి. అందుకే సెట్టు గదికి సాధారణంగా నాలుగు గోడలు ఉండవు. పైకప్పు కూడా చాలావరకు ఉండదు.

3. కర్ర, గుడ్డ, అట్ట, సున్నపు పొడి వంటి తేలిక సామగ్రితో కట్టడం. వడ్రంగులు, పోత పనివారు, రంగుల పనివారు కలిసి రాతి స్తంభమని కంటికి తోచే దానిని కర్ర చట్రం మీద తయారుచేస్తారు.

4. చిత్రీకరణ ముగిసిన తరువాత విప్పివేయడం. స్టూడియో గది మరొక చిత్రానికి కావలసి ఉంటుంది కనుక సెట్టును నిలిపి ఉంచడం కుదరదు.

నలుపు తెలుపు చిత్రాల కాలంలో కళా దర్శకునికి మరొక చిక్కు ఉండేది. కంటికి వేరువేరుగా కనిపించే ఎరుపు, ఆకుపచ్చ రంగులు తెరపై ఒకే బూడిద రంగుగా కనిపించవచ్చు. అందుచేత రంగును దాని అందం చూసి కాక, తెరపై అది ఎంత ముదురుగానో లేతగానో పడుతుందో చూసి ఎంచుకోవాలి. సెట్టులో నిలబడి చూచినవారికి ఎబ్బెట్టుగా తోచిన రంగులు తెరపై సొగసుగా ఉండవచ్చు. చిత్రకారునిగా గోఖలేకు వెలుగు నీడల మీద ఉన్న పట్టు ఇక్కడ అక్కరకు వచ్చిందని చెప్పవచ్చు.

పాతాళ భైరవి

బి. నాగిరెడ్డి, చక్రపాణి నిర్మించగా కె.వి. రెడ్డి దర్శకత్వం వహించిన పాతాళ భైరవి 1951 మార్చి 15న విడుదలైంది. పింగళి నాగేంద్రరావు రచన, ఘంటసాల సంగీతం, మార్కస్ బార్ట్లే ఛాయాగ్రహణం. 1952లో జరిగిన మొదటి భారత అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో ఈ చిత్రాన్ని ప్రదర్శించారు.

ఇది తోటరాముడు అనే తోటమాలి కొడుకు కథ. అతడు రాకుమారిని ప్రేమిస్తాడు, నేపాళ మాంత్రికుని బారిన పడతాడు, చివరకు అతనిని జయిస్తాడు. కథలో కోట, ఉద్యానవనం, మాంత్రికుని గుహ, దేవత విగ్రహం, కోరిన వెంటనే వెలిసే మహలు ఉన్నాయి. ఇంతకు ముందు ఎవరూ చూడని ఇటువంటి స్థలాలను ప్రేక్షకుడు నమ్మేటట్లు చూపించడం కళా దర్శకుల బాధ్యత. తోటలో పాడే ప్రేమగీతానికి, గుహలో జరిగే పూజకు వాతావరణం వేరుగా ఉండాలి. నటుడు నోరు విప్పకముందే ఆ వాతావరణం ప్రేక్షకునికి అందాలి.

మాయాబజార్

1957 మార్చి 27న విడుదలైన మాయాబజార్ గోఖలే పనిలో అన్నింటికంటె ప్రసిద్ధమైనది. దర్శకుడు కె.వి. రెడ్డి. ఎన్.టి. రామారావు కృష్ణునిగా, అక్కినేని నాగేశ్వరరావు అభిమన్యునిగా, సావిత్రి శశిరేఖగా, ఎస్.వి. రంగారావు ఘటోత్కచునిగా నటించారు.

ఈ చిత్రం పేరులోనే కళా దర్శకుని పని ఉన్నది. కథలో ఘటోత్కచుని అనుచరుడైన చినమయ తన శిష్యులు లంబు, జంబులతో కలిసి కౌరవుల విడిది కోసం ఒక మాయానగరాన్ని సృష్టిస్తాడు. ఆ నగరం పని పూర్తికాగానే మాయమైపోవలసినదే. కథలో చినమయ మాయతో చేసిన దానిని, స్టూడియోలో గోఖలే, కళాధర్ వడ్రంగులతో, రంగులతో చేశారు. రెండు నగరాలూ నిజమని నమ్మించడానికి కట్టినవే, రెండూ పని ముగియగానే లేకుండా పోయినవే.

ద్వారకా నగరం: చిత్రంలో కనిపించే ద్వారక నిజానికి ఒక నమూనా. 50 అడుగుల పొడవు, 60 అడుగుల వెడల్పు గల స్థలంలో సుమారు 300 చిన్న ఇళ్ళను కట్టి, వాటిలో విద్యుద్దీపాలు అమర్చారు. నమూనాను తీసేటప్పుడు వెలుగు సరిగా లేకపోతే అది బొమ్మ అని వెంటనే తెలిసిపోతుంది. ఇంటింటికీ దీపం పెట్టడం వలన దూరం నుండి నగరాన్ని చూస్తున్న భ్రమ కలుగుతుంది.

వెన్నెల: "లాహిరి లాహిరి" పాటలో మనం చూసే వెన్నెల మార్కస్ బార్ట్లే సృష్టించినది. పడవ, నీరు, చెట్ల నీడ, పైనుండి జారే వెలుగు అన్నీ కలిసినప్పుడే అది వెన్నెల రాత్రి అవుతుంది. ఇటువంటి పాటలలో ఛాయాగ్రాహకుని పని ఎక్కడ ముగిసి కళా దర్శకుని పని ఎక్కడ మొదలవుతుందో విడదీసి చెప్పడం కష్టం.

వివాహ భోజనంబు: పెళ్ళివారి కోసం సిద్ధం చేసిన వంటకాలను ఘటోత్కచుడు ఒక్కడే ఆరగించే ఈ పాటలో నటుడు ఒక్కడే, మిగిలినవన్నీ వస్తువులు. పళ్ళాలు, గంగాళాలు, లడ్డూలు, బూరెలు, అప్పడాలు ఇక్కడ పాత్రధారులు. అవి రాశులుగా కనిపించాలి, వాటంతట అవే కదలాలి, ఖాళీ కావాలి, మళ్ళీ నిండాలి. దీనికి కెమెరా కిటుకులు ఎంత అవసరమో, వస్తువుల అమరిక కూడా అంతే అవసరం. పాట తాళానికి వస్తువు కదలిక తప్పితే హాస్యం చెడిపోతుంది.

ప్రియదర్శిని: చిత్రంలో ప్రియదర్శిని అనే పేటిక ఉన్నది. దాని మూత తెరిచినవారికి తమకు అత్యంత ప్రియమైనది అందులో కనిపిస్తుంది. శశిరేఖకు అభిమన్యుడు కనిపిస్తాడు, దూరాన ఉన్న ఆ ఇద్దరికీ ఆ పేటిక ఒక పాటలో వారధి అవుతుంది. ఒక చేతిపెట్టెలో కదిలే బొమ్మ, దానితో పాటు పాట. ఇంటింటికీ టెలివిజన్ రావడానికి చాలా ఏళ్ళ ముందు తెలుగు ప్రేక్షకుడు ఈ భావనను చూశాడు. కథకు సంబంధించిన ఊహ పింగళి, కె.వి. రెడ్డిలది. కానీ ఆ పేటిక ఎంత ఉండాలి, ఎలా తెరుచుకోవాలి, దానిపై నగిషీ ఏమిటి అన్నవి తేలితేనే ఊహ వస్తువవుతుంది.

జగదేకవీరుని కథ

1961లో వచ్చిన ఈ చిత్రంలోని "శివశంకరి" పాటలో ఎన్.టి. రామారావు ఒకే చట్రంలో ఐదుగురిగా కనిపిస్తాడు. పాడేవాడు, వాయించేవారు అందరూ ఆయనే. కెమెరా కటకంలో కొంత భాగాన్ని మూసి ఒక భాగాన్ని మాత్రమే తీసి, ఫిల్మును వెనుకకు త్రిప్పి తక్కిన భాగాన్ని తీయడం ఇటువంటి దృశ్యాలకు ఆ రోజులలో ఉన్న పద్ధతి. ఈ పద్ధతిలో కెమెరా కదలరాదు, సెట్టు కదలరాదు, దీపాలు మారరాదు. వెనుక ఉన్న స్తంభం వెంట్రుకవాసి జరిగినా అతుకు బయటపడుతుంది. అటువంటప్పుడు సెట్టు కేవలం అలంకారం కాదు, కిటుకు నిలబడే పునాది.

సాంఘిక చిత్రాలు

పౌరాణిక, జానపద చిత్రాలలో కళా దర్శకుని పని ప్రేక్షకునికి కనిపిస్తుంది. సాంఘిక చిత్రాలలో అది కనిపించకపోవడమే గెలుపు. ఎల్.వి. ప్రసాద్ దర్శకత్వంలో 1955లో వచ్చిన మిస్సమ్మలో "రావోయి చందమామ" పాట వెన్నెల వేళ ఇంటి పట్టున సాగుతుంది. భార్యాభర్తలుగా నటిస్తున్న ఇద్దరి మధ్య ఉన్న దూరాన్ని, దగ్గరితనాన్ని ఆ ఆవరణే చెబుతుంది.

కమలాకర కామేశ్వరరావు దర్శకత్వంలో 1962లో విడుదలైన గుండమ్మ కథలో ఇల్లే ఒక పాత్ర. సూర్యకాంతం పోషించిన గుండమ్మ ఆ ఇంటిలో అధికారం చెలాయిస్తుంది. మారువేషంలో పనివానిగా చేరిన కథానాయకుడు రుబ్బురోలు ముందు కూర్చుని పిండి రుబ్బుతూ పాడే దృశ్యాన్ని తెలుగువారు మరువలేదు. ఆ దృశ్యంలో రోలు, పొత్రం, వంటింటి గోడ తప్ప ఆడంబరం ఏదీ లేదు. అయినా పాట తలచుకోగానే ఆ రోలు గుర్తుకు వస్తుంది. ద్వారకను కట్టిన కళాకారులే ఈ ఇంటినీ అమర్చారని గుర్తుంచుకుంటే వారి పని విస్తృతి అర్థమవుతుంది.

పాట ఎవరిది

ఒక సినిమా పాటను తలచుకున్నప్పుడు మనం గాయకుని పేరు చెబుతాము. తరువాత కవి, సంగీత దర్శకుడు, నటీనటులు గుర్తుకు వస్తారు. దర్శకుని పేరు కొందరు చెబుతారు. పాట జరిగిన చోటును ఊహించి కట్టినవారి పేరు దాదాపుగా ఎవరూ చెప్పరు. పాటను రేడియోలో విన్నా కళ్ళ ముందు కదిలేది ఆ చోటే అయినప్పటికీ ఇది జరుగుతూ ఉన్నది.

దీనికి కారణాలు లేకపోలేదు. గాయకుని గొంతు రికార్డుగా నిలుస్తుంది. కవి వ్రాసిన మాటలు పుస్తకంగా వస్తాయి. కళా దర్శకుని సెట్టు మాత్రం విప్పివేయబడుతుంది. తెరపై మిగిలిన దానిని కూడా ప్రేక్షకుడు ఛాయాగ్రాహకుని ఖాతాలోనో దర్శకుని ఖాతాలోనో వేస్తాడు. పైగా ఈ పని ఒక్కరిది కాదు. గోఖలే, కళాధర్ ఇద్దరి పేర్లూ చిత్రాలలో కలిసే వస్తాయి కనుక ఏ గోడ ఎవరి ఊహ అని విడదీయలేము. వారి వెనుక పేర్లు లేని పనివారు అనేకులు ఉన్నారు.

మ్యూజిక్ వీడియో, ఇన్‌స్టలేషన్ కళలతో పోలిక

మ్యూజిక్ వీడియో అంటే ఒక పాట కోసం ప్రత్యేకంగా తీసిన చిన్న చిత్రం. అమెరికాలో ఎమ్‌టీవీ ప్రసారాలు 1981 ఆగస్టు 1న మొదలైన తరువాత ఇది ప్రత్యేక కళారూపంగా స్థిరపడింది. ఇన్‌స్టలేషన్ అంటే ఒక గదినో స్థలాన్నో పూర్తిగా కళాకృతిగా మార్చడం. గోడకు తగిలించిన చిత్రాన్ని ఎదురుగా నిలబడి చూస్తాము, ఇన్‌స్టలేషన్‌లో అయితే మనమే లోపలికి వెళతాము. ప్రదర్శన ముగిసిన తరువాత చాలావరకు దానిని విప్పివేస్తారు.

ఈ రెండు కళలనూ ఒకే వ్యక్తి చేపట్టిన ఉదాహరణగా ఫ్లోరియా సిగిస్మోండిని చెప్పవచ్చు. ఈమె 1965లో ఇటలీలోని పెస్కారాలో జన్మించి, కెనడాలోని హామిల్టన్‌లో పెరిగింది. తల్లిదండ్రులు ఒపెరా గాయకులు. ఫొటోగ్రాఫరుగా ప్రారంభించి 1990లలో మార్లిన్ మాన్సన్, డేవిడ్ బౌవీ వంటి గాయకుల పాటలకు వీడియోలు తీసింది. ఐస్‌లాండ్ బృందం సిగుర్ రోస్ కోసం 2003లో తీసిన వీడియోలో పిల్లలు ముఖాలకు విషవాయు రక్షణ తొడుగులు ధరించి, నల్లని బూడిద కురుస్తుండగా ఆడుకుంటారు. శిల్పాలతో కూడిన ఇన్‌స్టలేషన్లను కూడా ఈమె ప్రదర్శించింది. ముందు ఒక లోకాన్ని వస్తువులతో కట్టి, తరువాత పాటను ఆ లోకంలోకి ప్రవేశపెట్టడం ఈమె పద్ధతి.

మద్రాసు స్టూడియోల పద్ధతి కూడా ఇటువంటిదే. అయితే ఒక తేడా ఉన్నది. సిగిస్మోండి వంటి కళాకారులు దర్శకత్వం, రూపకల్పన రెండూ తామే చేసి కృతిపై తమ సంతకం ఉంచుతారు. తెలుగు సినిమాలో ఆ పనులు పలువురి మధ్య పంచబడ్డాయి, పాట పూర్తి కథలో ఒక భాగమయింది. కాబట్టి గోఖలేను మ్యూజిక్ వీడియో దర్శకుడు అనలేము. పాట కనిపించే రూపానికి రూపశిల్పులలో ఒకడు అనడం సరియైనది.

కట్టి విప్పే కళ ఈ ప్రాంతానికి కొత్తది కాదు. పల్నాడులోని కోటప్పకొండకు మహాశివరాత్రి నాడు తరలివచ్చే ప్రభలను ఇందుకు ఉదాహరణగా తీసుకోవచ్చు. కర్రలతో ఎత్తైన చట్రం కట్టి, రంగుల గుడ్డలతో, విద్యుద్దీపాలతో అలంకరిస్తారు. రాత్రంతా పాటల మధ్య వెలిగిన ఆ కట్టడం తిరునాళ్ళ తరువాత ఉండదు. మరుసటి ఏడు మళ్ళీ కడతారు.

తరువాతి తరం

గోఖలే తరం తరువాత తెలుగువారిలో ఈ రంగంలో దేశవ్యాప్తంగా పేరు పొందినవాడు తోట తరణి. 1949లో మచిలీపట్నంలో జన్మించిన ఈయన చిత్రకారుడు కూడా. ముంబై ధారావి వాడను మద్రాసులో సెట్టుగా నిర్మించిన నాయకుడు (1987), భారతీయుడు (1996) చిత్రాలకు జాతీయ పురస్కారాలు పొందాడు. 2001లో పద్మశ్రీ అందుకున్నాడు. కుంచె పట్టినవాడే స్థలాన్ని కట్టడం అనే సంప్రదాయం ఇలా కొనసాగింది.

మిగిలినది

మాయాబజార్‌ను గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ సంస్థ రంగులలోకి మార్చి 2010 జనవరి 30న విడుదల చేసింది. కొత్త తరం ప్రేక్షకులు దానిని ఆదరించారు. అయితే ఒక విషయం గుర్తుంచుకోవాలి. గోఖలే, కళాధర్ సెట్లపై వాడిన అసలు రంగులు నలుపు తెలుపు నెగెటివులో నమోదు కావు. నేడు తెరపై కనిపించే రంగులు కంప్యూటరు ముందు కూర్చున్న కళాకారులు ఎంచుకున్నవి. అందుచేత ఆ రంగులు చూసి గోఖలే అభిరుచిని అంచనా వేయరాదు. ఆయన పనిని తెలుసుకోదలచినవారు నలుపు తెలుపు ప్రతినే చూడాలి. అందులోని వెలుగు నీడల తూకం ఆయన చేతిది.

ఈ చిత్రాల పనికి కేంద్రమైన వాహినీ స్టూడియో కూడా నేడు ఆ రూపంలో లేదు. చెన్నై వడపళనిలోని ఆ ఆవరణలో ఆసుపత్రి, వాణిజ్య సముదాయం వెలిశాయి. ద్వారక లేదు, మాయాబజార్ లేదు, వాటిని కట్టిన స్థలమూ లేదు. మిగిలినవి ఫిల్ముపై పడిన వెలుగు, టైటిళ్ళలో కొన్ని క్షణాలు కనిపించే రెండు పేర్లు. పాత చిత్రం చూసేటప్పుడు ఆ రెండు పేర్లు వచ్చేవరకు ఆగి చదవడం ప్రేక్షకుడు చేయగల చిన్న గౌరవం.

కళా దర్శకత్వం వహించిన కొన్ని చిత్రాలు (కళాధర్‌తో కలిసి)

* పాతాళ భైరవి (1951)
* మిస్సమ్మ (1955)
* మాయాబజార్ (1957)
* జగదేకవీరుని కథ (1961)
* గుండమ్మ కథ (1962)